న్యూరెంబర్గ్‌లో ఉండి చలికాలం రైలు ట్రిప్పులు: ప్లాన్ తిరుగు రైలు నుంచి మొదలుపెట్టండి

మొన్నామధ్య డిసెంబర్‌లో అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఆరు వారాలు ఉన్నారు, ఆ ఆరు వారాల్లో మేము వేసిన ట్రిప్పుల్లో సగం సూపర్‌గా వచ్చాయి, సగం ఎందుకు బయల్దేరామురా బాబూ అనిపించాయి. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేడా ఊర్లలో లేదు, ప్లాన్ చేసిన పద్ధతిలో ఉంది. ఎండాకాలంలో లాగా "పొద్దున్నే ఏ రైలు ఉంది, అక్కడ ఏమేం చూడాలి" అని మొదలుపెడితే చలికాలంలో దెబ్బతింటాం. ఇక్కడ తిరుగు రైలు ముందు ఫిక్స్ చేసుకుని వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఎలాగో స్టెప్పులుగా చెప్తాను, ఉదాహరణలన్నీ జర్మనీలో మేముండే న్యూరెంబర్గ్ నుంచే.

అసలు న్యూరెంబర్గ్ ఎందుకు అంటే, అందరూ మ్యూనిక్‌లో దిగుతారు గానీ రైల్లో గంట, గంటన్నరలో చేరగలిగే పాత ఊర్లు న్యూరెంబర్గ్ చుట్టూ ఉన్నన్ని ఇంకెక్కడా లేవని నా అభిప్రాయం. బాంబెర్గ్, వ్యూర్జ్‌బర్గ్, రేగెన్స్‌బర్గ్ ఈ మూడూ యునెస్కో లిస్టులో ఉన్నాయి, రోథెన్‌బర్గ్ ఉంది, బైరాయిట్ ఉంది. ఎయిర్‌పోర్ట్ నుంచి యూ2 మెట్రో ఎక్కితే పావుగంట లోపే మెయిన్ స్టేషన్. హోటళ్లు కూడా మ్యూనిక్ అంత మండిపోవు, ఒక్క క్రిస్మస్ మార్కెట్ వారాంతాలు తప్ప. ఇంకోటి, జర్మనీలో మొట్టమొదటి ప్యాసింజర్ రైలు నడిచింది ఇక్కడినుంచే, 1835 డిసెంబర్ 7న, పక్కనే ఉన్న ఫ్యూర్త్‌కి. ఇంజిన్ పేరు ఆడ్లర్, అంటే గద్ద. ఈ ముక్క చెప్పగానే నాన్న రైల్వే మ్యూజియం చూడాల్సిందే అని పట్టుబట్టారు, ఆ సంగతి కింద చెప్తా.

స్టెప్ 1: వెలుతురు లెక్క

డిసెంబర్ మూడో వారంలో ఇక్కడ పొద్దున 8 దాటాకే తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. అంటే చేతిలో ఉండేది గట్టిగా ఎనిమిది గంటల వెలుతురు, మబ్బు పట్టిందంటే మూడున్నరకే లైట్లు వేసుకునే పరిస్థితి. మనకి ఇంటి దగ్గర డిసెంబర్‌లో కూడా ఐదున్నర దాకా పొద్దు ఉంటుంది కదా, ఆ అలవాటుతో వస్తే మొదటి రెండు ట్రిప్పులూ చీకట్లోనే కలిసిపోతాయి. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఐదున్నర దాటాక గానీ పొద్దు కుంకదు, అప్పుడు కొంచెం ఊపిరాడుతుంది, కానీ అప్పటికి క్రిస్మస్ మార్కెట్లు ఉండవు.

కాబట్టి ముందు ఒక ప్రశ్న: మీరు వెళ్తున్నది ఊరు చూడటానికా, మార్కెట్ చూడటానికా? మార్కెట్ అందమంతా చీకటి పడ్డాకే, లైట్లు వెలిగాక. ఊరు, కోట, నది అయితే వెలుతురులోనే. రెండూ కావాలంటే పొద్దున 11కి అక్కడుండాలి, నాలుగున్నర దాకా ఊరు, తర్వాత గంట మార్కెట్, ఆరు చుట్టుపక్కల రైలు. మేము ఇప్పుడు ఏ ఊరెళ్లినా ఇదే ఫార్మాట్. ఆరు తర్వాత పెద్దవాళ్లకి చలి తట్టుకోవడం కష్టం, మా అమ్మయితే ఐదింటికే "ఇంటికెప్పుడు?" మొదలెట్టేది.

స్టెప్ 2: తిరుగు రైలు పట్టుకోండి

ఇదే అసలు స్టెప్పు. జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్ ఓపెన్ చేసి, వెళ్లే రైలు కాదు, ముందు వచ్చే రైలు వెతకండి. అక్కడినుంచి ఇంటికి సాయంత్రం 5 నుంచి 8 మధ్యలో ఎన్ని రైళ్లున్నాయి, గంటకి ఒకటా రెండా, డైరెక్టా మారాలా. మూడు రైళ్లు రాసుకోవాలి: మనం ఎక్కాలనుకునేది, దాని ముందుది, దాని తర్వాతది. ముందుది ఎందుకంటే వాన గాని మంచు గాని పడితే తొందరగా పారిపోవడానికి, తర్వాతది ఎందుకంటే అనుకున్న రైలు రద్దయిపోవచ్చు, చలికాలంలో అది వింతేం కాదు.

తర్వాతది రెండు గంటల తర్వాత ఉందంటే ఆ ఊరు పెద్దవాళ్లతో పెట్టుకోకండి. ఒక్కళ్లే అయితే ఏదో కేఫ్‌లో కూర్చోవచ్చు, చిన్న ఊర్లలో ఆదివారం సాయంత్రం అది కూడా తెరిచి ఉండదు.

యాప్‌లో చూసేటప్పుడు ఫిల్టర్‌లో "లోకల్ రైళ్లు మాత్రమే" అనే ఆప్షన్ పెట్టుకోండి, లేకపోతే దూరం వెళ్లే స్పీడు రైళ్లు, అంటే ఐసీఈలు కలిపి చూపించి మనల్ని మోసం చేస్తుంది. కింద చెప్పబోయే చవక టికెట్లేవీ ఐసీఈ, ఐసీల్లో చెల్లవు. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, అంతే.

డిసెంబర్ రెండో వారాంతంలో యూరప్ మొత్తం రైళ్ల టైమ్‌టేబుల్ మారుతుంది. నవంబర్‌లో స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్న రైలు డిసెంబర్ 20న ఉండకపోవచ్చు, ఉన్నా ఐదు నిమిషాలు ముందుకు జరిగి ఉండొచ్చు. ట్రిప్పు ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూడటం మర్చిపోకండి. పైగా ఈమధ్య పెద్ద లైన్లని నెలల తరబడి పూర్తిగా మూసేసి బాగుచేస్తున్నారు, 2024లో ఫ్రాంక్‌ఫర్ట్ మాన్‌హైమ్ లైను అలాగే మూశారు, 2026లో న్యూరెంబర్గ్ రేగెన్స్‌బర్గ్ లైను వంతు పెట్టారు. అలాంటప్పుడు రైలు బదులు బస్సు వేస్తారు, యాప్‌లో ఎస్‌ఈవీ అని చూపిస్తుంది. ఎస్‌ఈవీ కనిపిస్తే నా సలహా ఒకటే, ఊరు మార్చేయండి. బస్సు ఎక్కడ ఆగుతుందో వెతుక్కుంటూ మైనస్ డిగ్రీల్లో స్టేషన్ చుట్టూ తిరగడం సరదా కాదు.

స్టెప్ 3: టికెట్, ఇక్కడ మనవాళ్లు ఎక్కువ డబ్బులు తగలేస్తారు

మూడు రకాలున్నాయి, ఎవరికి ఏది అనేది మనుషుల లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే ఉండేవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, మెట్రోలు అన్నీ. చాలామంది స్టూడెంట్ల దగ్గర, ఆఫీసు వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. విజిట్‌కి వచ్చినవాళ్లకి కూడా తీసుకోవచ్చు గానీ అది సబ్‌స్క్రిప్షన్, నెల 10వ తారీఖు లోపు క్యాన్సిల్ చేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి. మా కొలీగ్ ఒకతను వాళ్ల అత్తమామలకి తీసి, వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయాక కూడా నెల కట్టాడు.

రెండోది బయర్న్ టికెట్. బవేరియా (న్యూరెంబర్గ్, మ్యూనిక్ ఉన్న రాష్ట్రం) మొత్తం ఒక రోజు, ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద. మొదటి మనిషికి ఎక్కువ రేటు, తర్వాత ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం కలుపుతారు, అందుకే ఒక్కళ్లకి పెద్ద లాభం ఉండదు గానీ నలుగురు ఐదుగురైతే తలకి లెక్కేస్తే చాలా చవక. సొంత పిల్లలు, మనవలు 14 ఏళ్ల దాకా ఫ్రీ, ఆరేళ్ల లోపు పిల్లలకి ఎలాగూ టికెట్ అక్కర్లేదు. మెలిక ఏంటంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది. 8:40 రైలెక్కి, దారిలో 9 అవుతుందిలే అనుకుంటే చెకింగ్‌లో 60 యూరోల ఫైన్. శని, ఆది, సెలవు రోజుల్లో మాత్రం అర్ధరాత్రి నుంచే ఓకే, మర్నాడు తెల్లవారుజామున 3 దాకా నడుస్తుంది. ప్రయాణం చేసేవాళ్ల పేర్లు టికెట్ మీద రాయాలి, మెషీన్‌లో తీస్తే పెన్నుతో మీరే రాసుకోవాలి, జేబులో ఒక పెన్ను పెట్టుకోండి. సరదా ఏంటంటే ఈ టికెట్ బోర్డర్ దాటి ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా, కుఫ్‌స్టైన్ దాకా కూడా చెల్లుతుంది, కానీ న్యూరెంబర్గ్ నుంచి లోకల్ రైళ్లలో సాల్జ్‌బర్గ్ వెళ్లి అదే రోజు రావడం చలికాలంలో పిచ్చి పని.

మూడోది చాలామందికి తెలియదు. న్యూరెంబర్గ్ లోకల్ రవాణా నెట్‌వర్క్ పేరు వీజీఎన్, వాళ్ల దగ్గర టాగెస్ టికెట్ ప్లస్ అని ఒకటుంది. ఆరుగురి దాకా ఎక్కొచ్చు, అందులో పెద్దవాళ్లు ఇద్దరే ఉండాలి, మిగతా పిల్లలు. అసలు కిటుకు ఏంటంటే శనివారం తీసుకుంటే అదే టికెట్ ఆదివారం కూడా చెల్లుతుంది! అంటే శనివారం బాంబెర్గ్, ఆదివారం రోథెన్‌బర్గ్, ఒక్కటే టికెట్, రెండూ వీజీఎన్ పరిధిలోనే ఉన్నాయి, బైరాయిట్ కూడా. వ్యూర్జ్‌బర్గ్, రేగెన్స్‌బర్గ్ మాత్రం ఆ పరిధి బయట, వాటికి బయర్న్ టికెట్టే.

సో భార్యాభర్తలిద్దరూ పిల్లలూ అయితే వారాంతం టాగెస్ టికెట్ ప్లస్, అమ్మానాన్నతో కలిపి నలుగురు పెద్దవాళ్లయితే బయర్న్ టికెట్, మీ ఇద్దరి దగ్గరా డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అమ్మానాన్నకి మాత్రం పై రెంట్లో ఒకటి. ఇంతకంటే లెక్క లేదు. అన్నీ సెకండ్ క్లాసే అని గుర్తుంచుకోండి, లోకల్ రైళ్లలో కూడా ఫస్ట్ క్లాస్ డబ్బా ఒకటి ఉంటుంది, ఖాళీగా కనిపించిందని మనవాళ్లు వెళ్లి కూర్చుంటారు, తలుపు మీద 1 అని అంకె ఉంటే ఎక్కకండి.

ఇంకొక్క మాట. రైలు లేటయితే "సరే ఐసీఈ ఎక్కేద్దాం" అనడానికి ఈ టికెట్లతో కుదరదు. మామూలు టికెట్‌తో అయితే కొన్ని సందర్భాల్లో వేరే రైలెక్కే హక్కు ఉంది, ఇవి బాగా తగ్గింపు ఉన్న టికెట్లు కాబట్టి ఆ హక్కు లేదు. తర్వాతి లోకల్ రైలే గతి. అందుకే స్టెప్ 2లో మూడో రైలు రాసుకోమన్నది.

స్టెప్ 4: వాతావరణాన్ని బట్టి ఊరు

ఊరు వారం ముందే ఫిక్స్ చేయకండి. రెండు ఊర్లు చేతిలో పెట్టుకుని ముందురోజు రాత్రి తేల్చుకోండి, ఈ టికెట్లకి సీటు రిజర్వేషన్ ఏమీ ఉండదు కాబట్టి ఆ స్వేచ్ఛ మనకుంది.

ఎండ కాసే రోజు (చలి ఎంతున్నా పర్లేదు) రోథెన్‌బర్గ్ లేదా రేగెన్స్‌బర్గ్. రెండూ బయట తిరిగే ఊర్లు. రోథెన్‌బర్గ్‌లో ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీద నడవొచ్చు, పైన చెక్క కప్పు ఉంటుంది, మంచు మీద పడదు, కానీ ఎక్కే రాతి మెట్లు గడ్డకట్టి జారతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఎక్కించకండి. యుద్ధం చివర్లో, 1945 మార్చి 31న బాంబులు పడి ఆ గోడలో కొంత భాగం పోయింది, తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి చందాలిచ్చినవాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కి మళ్లీ కట్టారు. నడుస్తూ ఆ పేర్లు చదువుకోవచ్చు, జపాన్ పేర్లు బాగా కనిపిస్తాయి. మా నాన్న అవి చూసి మన ఊళ్లో గుడికి చందా ఇచ్చినవాళ్ల పేర్లు పాలరాతి మీద రాయిస్తారు కదా అదే అన్నారు.

యాప్‌లో రోథెన్‌బర్గ్ కొట్టేటప్పుడు జాగ్రత్త, పేరు చివర "ఓబ్ డెర్ టౌబర్" అని ఉండాలి. జర్మనీలో ఇదే శబ్దం వచ్చే ఊర్లు ఇంకో మూడు నాలుగున్నాయి, ఉత్తరాన ఒకటి, ఫుల్డా నది మీద ఒకటి, నెక్కర్ నది మీద ఇంకోటి. మనది టౌబర్ నది మీద ఉన్నది.

రేగెన్స్‌బర్గ్‌లో స్టేషన్ నుంచి పదినిమిషాలు నేరుగా నడిస్తే పాత ఊరు. డాన్యూబ్ మీద 12వ శతాబ్దపు రాతి వంతెన, దాని పక్కనే పాత సాసేజ్ కొట్టు, పెద్ద చర్చి. వంతెన మీద గాలి మాత్రం కోసేస్తుంది, నది మీదుగా వచ్చే గాలికి చెవులు ఊడిపోతాయా అనిపిస్తుంది, మంకీ క్యాప్ సిగ్గుపడకుండా పెట్టేసుకోండి.

వాన, ముసురు ఉన్న రోజు వ్యూర్జ్‌బర్గ్. ఎందుకంటే అక్కడి రాజభవనం, రెసిడెన్స్ అంటారు, లోపలే రెండు గంటలు గడిచిపోతాయి. మెట్లెక్కుతుంటే తలమీద టియెపోలో వేసిన పైకప్పు బొమ్మ, అప్పటికి తెలిసిన నాలుగు ఖండాలనీ నాలుగు వైపులా వేశాడు. మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. చలికాలంలో 10 నుంచి నాలుగున్నర దాకా తెరుస్తారు, సోమవారం కూడా ఉంటుంది, అదొక వరం, ఎందుకంటే ఇక్కడ చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు. డిసెంబర్ 24, 25, 31, జనవరి 1 మాత్రం మూసేస్తారు. ఇంకో సంగతి, రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది ఈ ఊళ్లోనే, 1895 నవంబర్ 8న, ఆ ల్యాబ్ స్టేషన్‌కి నడిచే దూరంలోనే ఉంది. మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న మనిషి ఇక్కడ ఒక వీధి పేరు.

అసలు బయటికి వెళ్లే పరిస్థితే లేకపోతే న్యూరెంబర్గ్‌లోనే రైల్వే మ్యూజియం, స్టేషన్ నుంచి ఐదారు నిమిషాల నడక. సోమవారం సెలవు. నాన్నని లోపలికి వదిలి మేము కాఫీ తాగడానికి వెళ్లి గంటన్నరకి వస్తే ఆయన ఇంకా మొదటి హాల్లోనే ఉన్నారు.

నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట గురించి అడుగుతారు, అందరి అమ్మానాన్నలూ అడుగుతారు, ఫోటో ఎక్కడో చూసి ఉంటారు. న్యూరెంబర్గ్ నుంచి లోకల్ రైళ్లలో ఒక వైపుకే నాలుగు గంటలు, ఎనిమిది గంటల వెలుతురులో అది ఎలా కుదురుతుంది? పైగా ఫోటోలో కనిపించే ఆ యాంగిల్ తీసే మరియన్ వంతెన మంచు పడితే మూసేస్తారు. వేసవికి వాయిదా వేయండి. మ్యూనిక్ మాత్రం లోకల్ రైల్లోనే గంటా ముప్పావులో చేరొచ్చు, ఆ ఆర్‌ఈ రైలు ఇంగోల్‌స్టాట్ మీదుగా ఐసీఈల పట్టాల మీదే 190 స్పీడు దాకా పోతుంది, కుదిరితే అది ఒకసారి ఎక్కి చూడండి, ఈ చవక టికెట్‌కి ఇంత స్పీడా అనిపిస్తుంది.

స్టెప్ 5: ఒక రోజు ఎలా వేస్తామో, బాంబెర్గ్ ఉదాహరణ

శనివారం అనుకోండి. వెనక్కి లెక్కేద్దాం. ఏడింటికి ఇంట్లో ఉండాలి, అంటే ఆరు చుట్టూ బాంబెర్గ్‌లో రైలు, ఆర్‌ఈ అయితే ముప్పావుగంట. ఎస్1 అనే ఎస్-బాన్ కూడా వెళ్తుంది గానీ ప్రతి స్టేషన్‌లో ఆగుతూ పోతుంది, గంట పడుతుంది, టికెట్ ఒకటే కాబట్టి ఆర్‌ఈ మిస్సయితే ఎస్1 మన బ్యాకప్. ఇలా రెండు రకాల రైళ్లున్న ఊరు చలికాలానికి బంగారం, అందుకే మొదటి ట్రిప్పు ఎవరికైనా బాంబెర్గే చెప్తాను.

ఆరుకి రైలంటే ఐదున్నరకి పాత ఊరు వదలాలి, స్టేషన్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు, బస్సు కూడా ఉంది, టికెట్‌లో కలిసే ఉంటుంది. నాలుగున్నర నుంచి ఐదున్నర మార్కెట్. అంతకు ముందు చర్చి, గుట్ట, నది. అంటే పదిన్నర పదకొండుకి అక్కడ దిగితే హాయిగా సరిపోతుంది, అంటే ఇక్కడ పది లోపు రైలు. తొమ్మిదింటికి లేచి హడావిడి పడే పని లేదు, ఏడింటికి చీకట్లో పిల్లల్ని లేపే పని కూడా లేదు. చూశారా, వెనక్కి లెక్కేస్తే పొద్దున టైమ్ అదే తేలుతుంది.

అక్కడ దిగాక ముందు గుట్ట మీద చర్చికి వెళ్లండి, ఎక్కడం కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే అయిపోవాలి. నాలుగు గోపురాల చర్చి, లోపల ఒక పోప్ సమాధి ఉంది, రెండో క్లెమెంట్, ఆల్ప్స్ పర్వతాలకి ఉత్తరాన ఉన్న పోప్ సమాధి అదొక్కటే. చర్చి లోపల చల్లగానే ఉంటుంది, హీటర్ ఉంటుందనుకుని జాకెట్ తీయకండి. దిగేటప్పుడు పాత టౌన్‌హాల్, నది మధ్యలో వంతెన మీద కట్టేశారు, గోడంతా బొమ్మలు. దగ్గరికెళ్లి కింది వైపు చూడండి, బొమ్మలో ఉన్న ఒక బాల దేవదూత కాలు గోడలోంచి నిజంగానే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మొత్తం మనిషి రంగులో, కాలు మాత్రం శిల్పం. మా పాప అది చూసి ఆ కాలు లాగితే మొత్తం బయటికొస్తాడా అని అడిగింది. ఎంత దూరం నడిచినా వాళ్లకి గుర్తుండేవి ఇవే.

డిసెంబర్‌లో ఊరంతా ఏసు పుట్టుక బొమ్మల కొలువులు పెడతారు, చర్చిల్లో, మ్యూజియంల్లో, వాటన్నిటినీ కలుపుతూ ఒక నడక దారి ఉంది. మా అమ్మకి మార్కెట్ కన్నా ఇదే నచ్చింది, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే మనిషి కదా, ఒక్కోచోట ఆగి ఆ గొర్రెలెలా చేశారు, ఆ గడ్డి ఎక్కడిది అని పరిశీలన. క్రిస్మస్ అయిపోయాక జనవరి మొదట్లో కూడా ఇవి ఉంటాయి, కాబట్టి మార్కెట్లు మిస్సయినవాళ్లకి బాంబెర్గ్ ఇంకా పనికొస్తుంది. ఇక్కడి పొగ వాసన బీరు ఫేమస్, నాకు మాత్రం కట్టెల పొయ్యి మీద మాడిన అన్నం గిన్నె కడిగిన నీళ్లలా అనిపించింది, ఇష్టపడేవాళ్లు ప్రాణం పెడతారు.

స్టెప్ 6: మారాల్సిన చోట పది నిమిషాలు ఉంచుకోండి

రోథెన్‌బర్గ్‌కి డైరెక్ట్ రైలు లేదు. ఆన్స్‌బాఖ్‌లో ఒకసారి, స్టైనాఖ్‌లో ఇంకోసారి మారాలి, స్టైనాఖ్ నుంచి చిన్న రైలు పావుగంటలో దింపుతుంది. వెళ్లేటప్పుడు అన్నీ కలిశాయి. వచ్చేటప్పుడు మా తప్పే, స్నోబాల్ అని అక్కడ ఒక స్వీటు, మైదా పట్టీలు ఉండలా చుట్టి వేయించి పంచదార పొడి చల్లుతారు, దాని కోసం లైన్లో నిలబడి మేము రాసుకున్న రైలు వదిలేశాం, తర్వాతది ఎక్కాం, అది యాప్‌లో స్టైనాఖ్‌లో ఐదు నిమిషాల కనెక్షన్ చూపించింది. ఐదు నిమిషాలు నాకు చాలు, అమ్మకి చాలవు. తలుపు దగ్గర ఆవిడ రెండు చేతులతో రాడ్ పట్టుకుని, ఒక కాలు కింద పెట్టి, అది జారుతుందేమో చూసుకుని, రెండో కాలు దించేసరికి అవతలి ప్లాట్‌ఫాం మీద తలుపులు పీప్ పీప్ అంటున్నాయి. చుట్టూ పొలాలు, చీకటి, గాలి. నాన్న టైమ్‌టేబుల్ అంటించిన అద్దాల డబ్బా దగ్గర నిలబడి ఫోన్ టార్చి వేసుకుని జర్మన్ చదువుతున్నారు, ఒక్క ముక్క రాదు, అయినా చదువుతున్నారు. అమ్మ ఆ స్నోబాల్ డబ్బా తీసి "ఇది తిని చావండి" అంది. తిన్నాం. పంచదార పొడి గ్లౌజుల నిండా.

అప్పటినుంచి రూల్: పెద్దవాళ్లు, పిల్లల స్ట్రోలర్ ఉంటే పది నిమిషాల కన్నా తక్కువ కనెక్షన్ తీసుకోం. యాప్‌లో మారే టైమ్ కనీసం ఇంత ఉండాలని సెట్ చేసుకునే ఆప్షన్ ఉంది, ఒకసారి పెట్టేసి వదిలేయండి.

ఇంకో తిరకాసు, కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. బైరాయిట్ వైపు వెళ్లే డీజిల్ రైళ్లు అలాంటివే, సగం బైరాయిట్‌కి, సగం ఇంకో ఊరికి. రైలు ముందు తల మీద రాసింది చూసి ఎక్కేస్తే సరిపోదు, మీరెక్కే డబ్బా తలుపు పక్కన బోర్డు మీద ఏ ఊరు రాసుందో చూడండి. గుంపులో సగం మంది టాయిలెట్ కోసం ముందు డబ్బాలోకి వెళ్లారంటే వాళ్లని ఫోన్ చేసి వెనక్కి పిలిపించండి.

స్టేషన్లో వినపడే నాలుగు మాటలు తెలిస్తే చాలు. గ్లైస్ అంటే ప్లాట్‌ఫాం. "హోయ్‌టె" అని మొదలెట్టి గ్లైస్ నంబర్ చెప్పారంటే ఇవాళ ప్లాట్‌ఫాం మారిందని, చెవులు రిక్కించండి. ఫెర్‌ష్పేటుంగ్ అంటే లేటు. "ఫెల్ట్ ఔస్" అంటే రద్దు, అది వినపడగానే మూడో రైలు కాగితం తీయడమే. రైలు తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, బటన్ నొక్కాలి, నాన్న మొదటిరోజు తలుపు ముందు మర్యాదగా నిలబడి ఎదురుచూశారు.

స్టెప్ 7: బట్టలు, తిండి, బాత్రూం

బట్టల గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటే, ఒక లావు స్వెట్టర్ కన్నా రెండు మూడు పల్చటివి ఒకదాని మీద ఒకటి. రైల్లో హీటర్ దంచేస్తుంది, లోపల ఉక్క, బయట మైనస్ మూడు, గంటకోసారి విప్పడం తొడగడం తప్పదు. అసలు డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. ఇండియా నుంచి తెచ్చిన స్పోర్ట్స్ షూస్ రాళ్లు పరిచిన వీధుల్లో మంచు మీద స్కేటింగే. ఒక జత ఉన్ని సాక్సులు బ్యాగులో అదనంగా. చలికి ఫోన్ బ్యాటరీ కూడా సడన్‌గా పడిపోతుంది, టికెట్ ఫోన్లోనే ఉంటుంది, అందుకే లోపలి జేబులో పెట్టుకోండి, పవర్ బ్యాంక్ తప్పనిసరి.

తిండికి మేము పొద్దున్నే పులిహోర కలుపుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్తాం, లోకల్ రైల్లో తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు, ఇంగువ పోపు కొంచెం తగ్గించండి అంతే. మార్కెట్లో శాకాహారులకి దొరికేవి: బంగాళదుంప అట్లు, యాపిల్ సాస్‌తో ఇస్తారు, చీజ్ వేసిన స్పేట్స్‌లె (ఇక్కడి నూడుల్స్), కాల్చిన చెస్ట్‌నట్లు, పంచదార పాకం పట్టిన బాదం. మాంసం తినేవాళ్లకి న్యూరెంబర్గ్ స్పెషల్ వేలెడు సాసేజులు మూడు బన్నులో పెట్టి ఇస్తారు, "డ్రై ఇమ్ వెగ్లా" అని అడగాలి. గ్లూవైన్ (మసాలా వేసిన వేడి వైన్) వద్దనుకుంటే కిండర్‌పున్ష్ అడగండి, ఆల్కహాల్ లేని వేడి పళ్ల రసం. కప్పుకి డిపాజిట్ కలిపి తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బులు వెనక్కి, నచ్చితే ఇంటికి తెచ్చుకోవచ్చు, మా అల్మారాలో ఏడున్నాయి. లెబ్‌కుఖెన్ (ఇక్కడి మసాలా బిస్కెట్లు) కొంటే "ఎలీజెన్" అని రాసున్నది చూసి కొనండి, అందులో కనీసం 25 శాతం గింజలుండాలి, పిండి 10 శాతం మించకూడదని రూల్. మామూలువి గట్టిగా, పిండి పిండిగా ఉంటాయి. కొట్లలో కార్డు ఉంటుందని నమ్ముకోకండి, ఇరవై ముప్పై యూరోలు చిల్లరగా ఉంచుకోండి.

చిల్లర ఇంకో పనికి కూడా, స్టేషన్ బాత్రూంలకి డబ్బు కట్టాలి, చిన్న స్టేషన్లలో అసలు ఉండవు. రైల్లో ఫ్రీ. దిగే ముందు పది నిమిషాల్లో అందరినీ వరసగా పంపడం ఇంటి పెద్ద బాధ్యత.

స్టెప్ 8: క్యాలెండర్లో ఎర్ర గీతలు

న్యూరెంబర్గ్ మార్కెట్ అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై డిసెంబర్ 24తో సరి. మిగతా ఊర్లవీ ఇంచుమించు అంతే, కొన్ని 23కే సర్దేస్తారు. క్రిస్మస్ సెలవుల్లో, అంటే 25 తర్వాత మార్కెట్లు చూద్దామని ఇండియా నుంచి టికెట్ బుక్ చేసేవాళ్లు చాలామంది, వాళ్లకి ఖాళీ చెక్క కొట్లు కనిపిస్తాయి. వారాంతం సాయంత్రం న్యూరెంబర్గ్ మార్కెట్లో అడుగు తీసి అడుగు వేయలేం, అది మంగళవారమో బుధవారమో సాయంత్రం చూసుకుని, శని ఆదివారాలు వేరే ఊర్లకి వాడుకోండి.

24 మధ్యాహ్నం 2కి షాపులన్నీ బంద్, 25, 26 సెలవు, జనవరి 1 సెలవు, బవేరియాలో జనవరి 6 కూడా సెలవు. ఈ సెలవుల్లో బయర్న్ టికెట్ పొద్దున్నుంచే పనిచేస్తుంది, రైళ్లు మాత్రం ఆదివారం లెక్కన తక్కువ నడుస్తాయి. రోథెన్‌బర్గ్‌లో జనవరి, ఫిబ్రవరిల్లో చాలా కొట్లూ హోటళ్లూ యజమానులే సెలవు పెట్టి వెళ్లిపోతారు, ఊరు చూడటానికి అందంగా ఉంటుంది గానీ వేడి కాఫీ కోసం వెతుక్కోవాలి.

ఆదివారం ట్రిప్పు పెట్టుకున్నారంటే శనివారం రాత్రే పాలు, పెరుగు, కూరగాయలు కొనిపెట్టేసుకోండి. ఆదివారం మెయిన్ స్టేషన్లో ఉన్న సూపర్ మార్కెట్ తప్ప ఏదీ ఉండదు, ఊళ్లో ఉన్న స్టూడెంట్లందరూ అక్కడే లైన్లో ఉంటారు. రాత్రి ఏడున్నరకి కాళ్లు లాగుతూ ఇంటికొచ్చాక పెరుగన్నంలోకి పెరుగు లేదంటే మా నాన్న ముందు ఎవరూ నిలబడలేరు.